ఎండల ఆరిన పిల్లులు

సిద్దిపేట నుంచి దుబ్బాకకు పోయే తొవ్వల, ఇండ్లు అయిపోయి చేన్లు మొదలయ్యే కాడ ఒక చిన్న దర్గా ఉండేది. జనం ఆ దర్గాకు అగరొత్తులు తెచ్చేటోళ్లు, రొట్టెలు బెల్లం కలిపి నలిచిన మలీద తెచ్చేటోళ్లు, పిల్లులను తెచ్చేటోళ్లు. మొదటి రెండూ అందరూ చూసేటట్టు చేతులల్ల పట్టుకొని వచ్చేవి. పిల్లులు మాత్రం మూతి కట్టిన గోనెసంచిలల్ల, మనిషి మసలని యాళ్ల చూసి వచ్చేవి. పాలకుండ మీద మూత ఉండనిస్తలేదని ఒకరు, ఏడాదికి రెండుసార్లు ఈనుతున్నదని ఒకరు. చంపుదామంటే చేతులు రావు, ఉంచుకుందామంటే ఓపిక లేదు. దర్గా గోడ పొంటి సంచి పెట్టి, వెనక్కి చూడకుండ పోయేటోళ్లు.

సంచి ముడి విప్పే పని షమ్షున్నీసాది. దర్గా చూసుకునే ముజావర్ ఇషాక్ సాబ్ భార్య ఆమె. ఎవరు తెచ్చిన్రని ఎన్నడూ అడగలేదు. ముడి విప్పి, రెండడుగులు వెనక్కి జరిగి, పిల్లి బయటికి వచ్చేదాక చేతులు కట్టుకొని కూసునేది. కొన్ని ఉరికేవి, కొన్ని సంచిలనే పొద్దుగూకేదాక నక్కి ఉండేవి. ఆకలైతే అన్నీ వచ్చేవి. దర్గా వెనుక ఒకప్పుడు ఫకీర్లు దిగే రెండర్రల రేకుల ఇల్లు పిల్లుల ఇల్లయింది. "షమ్షక్కా, నువ్వు పిల్లుల సర్పంచ్‌వి" అని పక్కింటి దుర్గవ్వ నవ్వేది. బీడీలు చుట్టుకుంట అరుగు మీద కూసుంటే దుర్గవ్వకు దర్గా ముంగిలి అంతా కనబడేది, అందుకే ఆమె నోటికి పని కరువుండేది కాదు.

ఇషాక్ సాబ్‌కు కండ్ల మీద పొర కమ్మి అప్పటికి కొన్నేండ్లు. మెట్ల మీద జారిపడ్డంక నడక కూడా గోడ పట్టుకొనే. దర్గా పనులు అన్న కొడుకు ఫజల్ చేతికి పోయినయి. దువా చదివి జనం నెత్తి మీద నెమలీకల కట్టతోని నిమిరే పని కూడా అతనికే పోయింది. ఫజల్ కొత్త కట్ట కొనుక్కున్నడు. పాత కట్ట ఇషాక్ సాబ్ మంచం కాడనే ఉండిపోయింది. దాన్ని ఇయ్యమని ఎవ్వరూ అడగలేదు, దానితోని నిమిరించుకుంటమని కూడా ఎవ్వరూ రాలేదు.

చెయ్యి ఊకోదు కదా. సాయంత్రం సాంబ్రాణి పొగ వేసినంక ఇషాక్ సాబ్ గోడ పట్టుకొని రేకుల ఇంటికి పోయి, అక్కడ పీట మీద కూసునేటోడు. పిల్లులు ఒక్కొక్కటే వచ్చి కాళ్ల కాడ చేరేవి. పెదవులల్ల ఏదో చదువుకుంట ఒక్కొక్కదాని నెత్తి నుంచి తోకదాక నెమలీకలతోని నిమిరేటోడు. మనుషులకు చేసిన కాలంల ఆయనకొక నేమం ఉండేది. వరుసల ఎంతమంది నిలబడినా, "బీమారున్నోళ్లు ముందుకు రాండ్రి" అని పిలిచి, వాళ్లను నిమిరినంకనే మంచిగున్నోళ్లను నిమిరేటోడు. బాధల ఉన్నోన్ని నిలబెట్టొద్దని ఆయన తండ్రి నేర్పిన పద్ధతి అది. పిల్లులకు కూడా ఆ పద్ధతే నడిపించిండు. "షమ్షూ, ఈ రోజు ఎవరికి బాగలేదు? వాళ్లను ముందు ఇయ్యి" అనేటోడు.

తొంభై ఒకటో యేడు వానలు విడువకుండ పడ్డయి. ఆ తడి రోజులల్ల వచ్చిన ఒక బూడిదరంగు కూన చెవి మీద గుండ్రంగ వెంట్రుకలు ఊసిపోయి, లోపలి తోలు పొట్టు లేస్తున్నది. కొట్లాటల గీసుకున్నదనుకున్నది షమ్షున్నీసా. కొబ్బరినూనె రాసింది. వారం తిరగకముందే అసొంటి బిళ్ళే ఇంకో దాని ముక్కు మీద, ఆ వెనక మరొక దాని ముంగాలి మీద కనబడ్డది. లారీలు బాగుచేసే షెడ్డు కాడి పిలగాండ్లు కాలిన ఇంజన్ నూనె పూస్తే పోతదన్నరు. పిల్లి తన ఒళ్ళు తానే నాకుతుంటదని ఆమెకు తెలుసు. ఆ నూనె డబ్బా ముట్టలేదు.

ఆ తర్వాత బిళ్ళ మనిషికి పట్టింది. దుర్గవ్వ మనుమరాలు ఇషాక్ సాబ్ ఒడిల కూసొని నెమలీకలతోని నిమిరించుకునే పిల్ల. ఆ పిల్ల మెడ మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి చక్రం లేచింది. దుర్గవ్వ అరవలేదు. అరిస్తే బాగుండు అనిపించింది షమ్షున్నీసాకు. బీడీల చాట పక్కకు పెట్టి వచ్చి, పిల్ల మెడ చూపించి, "అక్కా, తామర గిది. నీ పిల్లులకు ప్రేమ చూపే తీరు ఇంకోటి లేదా?" అన్నది. అంతే అన్నది.

మాట ఫజల్ దాక పోయింది. చెడ్డోడు కాదు ఫజల్, భయం ఎక్కువ. దర్గాకు గంధం ఎక్కించే సందల్ పండుగ చలికాలం చివరల ఉన్నది, ఆ రోజు చుట్టూరి ఊర్ల నుంచి జనం పిల్లాజెల్లతోని వస్తరు. గుంపుల ఒక్కరికి తామర అంటినా దర్గా పేరు పోతదన్నడు. పెద్దమనుషులు కూసొని తేల్చింది అతనే వచ్చి చెప్పిండు. సందల్ నాటికి పిల్లులకు పూరా నయం కావాలె, లేకుంటే అన్నిటినీ సంచిలల్ల కట్టి లారీల ఎక్కించి, తొగుట అవతల అడవిల వదిలిపెడ్తరు.

"అడవిల ఎట్ల బతుకుతయిరా? బువ్వ పెడితే తినేటియి" అన్నది ఆమె.

"చాచీ, నేను పిల్లులను చూడాల్నా, జనాన్ని చూడాల్నా? నువ్వే చెప్పు."

తెల్లారి ఆమె బూడిదరంగు కూనను గంపల పెట్టి, మీద చీరపేలిక కట్టి, పశువుల దవాఖానకు నడిచింది.

అక్కడ అంతా బర్లు, ఎడ్లు. గంపల నుంచి మ్యావ్ మన్నది విని ఒకాయన, "ఏమమ్మా, ఇది ఎన్ని శేర్లు ఇస్తది?" అని అడిగిండు. చుట్టున్నోళ్లు నవ్విన్రు.

"నువ్వు ఎన్ని శేర్లు ఇస్తవు బిడ్డా? నీకు జరమొస్తే దవాఖానకు పోతలేవా?" అన్నది షమ్షున్నీసా. ఈసారి ఆయన కూడా నవ్విండు, జరిగి బల్ల మీద జాగిచ్చిండు.

డాక్టర్ ప్రభాకర్ కొత్తగ వచ్చిన మనిషి. కూనను వెలుతురుకు పట్టి చెవి చూసిండు. దూడల మొఖాలకు వచ్చే తామరను మస్తు చూసిన గని, పిల్లికి మందు రాసుడు ఇదే మొదలని దాచుకోకుండ చెప్పిండు. రెండు రోజులు ఆగి రమ్మన్నడు. మళ్ల పోయేసరికి పుస్తకాలు చదివి, తెలిసినోళ్లను అడిగి, తయారుగ ఉన్నడు.

ఇది పురుగు కాదు, బూజు అన్నడు. తడి రొట్టె మీద పట్టేటటువంటిదే తోలు మీద, వెంట్రుకల మీద పడ్తది. రాలిన ఒక్కొక్క వెంట్రుకల నెలలకు నెలలు బతికే ఉంటది, చాప మీద, బొంత మీద, చీపురుకు, చీర కొంగుకు అంటుకొని పక్కదానికి పోతది. కొన్ని పిల్లులకు బిళ్ళ కనబడది, మోసుడు మాత్రం మోస్తయి. అందుకే మందు అన్నిటికీ పడాలె. సున్నం, గంధకం కలిపి కాచిన నీళ్ల మందు పండ్ల తోటలకు కొట్టేది దొరుకుతది. దాన్ని ఎన్ని నీళ్లల్ల ఎంత కలపాలెనో ఒక డబ్బాల కలిపి చూపించిండు. వారానికి రెండుసార్లు ఒళ్ళంతా తడపాలె, కడగొద్దు, అట్లనే ఆరనియ్యాలె. వెంట్రుకలు మొలిచినయి కదా అని ఆపొద్దు, మొలిచినంక కూడా కొన్ని వారాలు నడవాలె. దుర్గవ్వ మనుమరాలి మెడకు మలాము కోసం పెద్ద దవాఖానకు తీసుకపొమ్మన్నడు.

"అన్నిటికంటె ముఖ్యం ఒక్కటమ్మా" అన్నడు చివరికి. "బాగున్నవాటి పని ముందు చేసుకో. రోగమున్నవాటి దగ్గరికి చివర్ల పో. పోయి వచ్చినంక సబ్బుతోని చేతులు కడుక్కో, చీర మార్చుకో. వరుస తప్పొద్దు."

షమ్షున్నీసా వరుస తప్పలేదు. రేకుల ఇంట్ల ఒక అర్ర మంచివాటికి, ఒక అర్ర బిళ్ళలున్నవాటికి చేసింది. గిన్నెలు వేరు, చాపలు వేరు. బొంతలన్నీ బాయి కాడ పెద్ద గంజుల సలసల కాగబెట్టింది. పొడి చీపురుతోని ఊడిస్తే వెంట్రుకలు లేస్తయని తడిబట్టతోని తుడిచి, ఆ వెంట్రుకలు పొయ్యిల వేసింది. నేలను బ్లీచింగ్ పౌడర్ నీళ్లతోని కడిగింది. కొత్తగ సంచిల ఏ పిల్లి వచ్చినా మూడు వారాలు వంటింటి పక్క కోళ్ల గూట్లనే. గంధకం వాసనకు దుర్గవ్వ అరుగు మీద ముక్కు మూసుకొని, "నీ ఇంట్ల మురిగిన గుడ్లు అమ్ముతున్నవా అక్కా?" అనేది. తెల్లపిల్లి పసుపు రంగుకు తిరిగి, నలుగు పెట్టిన పెండ్లికూతురు లెక్క తిరిగేది. మనుమరాలి మెడ మీద చక్రం మెల్లమెల్లగ పాలిపోయింది.

బిళ్ళలున్న అర్రల మార్పు కనబడ్డది. బూడిదరంగు కూన చెవి మీద మెత్తని నూగు వచ్చింది. ఇంక గండం గడిచిందనుకున్న రోజులల్లనే, మంచివాటి అర్రల ఉన్న ముసలి పిల్లి నెత్తి మీద బిళ్ళ లేచింది. దాని వెనక ఇంకోదానికి. సందల్ దగ్గరపడుతున్నది. ఫజల్ రోజూ ఒకసారి వచ్చి, ఏమీ అడగకుండ తొంగి చూసి పోతున్నడు.

ఆమె మళ్ల డాక్టర్ కాడికి పోయింది. చేసేదంతా మొదటి నుంచి చెప్పమన్నడు, ఓపికగ విన్నడు. కొత్త బిళ్ళలు ఎక్కడెక్కడ వచ్చినయని అడిగిండు. నెత్తి మీద, వీపు మీద అని చెప్పింది. కిందికి కాదు, కడుపుకు కాదు, కాళ్లకు కాదు.

"చాప నుంచి అంటితే కింద రావాలె కదా. ఈ రెండర్రలల్లకు పోయి వచ్చే వస్తువు ఇంకేమన్న ఉన్నదా అమ్మా? దువ్వెన? బట్ట?"

అడుగుతుండంగనే ఆమెకు తెలిసిపోయింది. సాయంత్రం పూట పీట మీద కూసున్న మనిషి కండ్ల ముందుకు వచ్చిండు. ముందు బిళ్ళలున్న అర్ర, తర్వాత మంచి అర్ర. బీమారోళ్లు ముందు. నెత్తి నుంచి తోకదాక. డాక్టర్ చెప్పిన వరుస ఆమె ఒక్క పనికి తప్ప అన్ని పనులకూ పాటించింది. ఆ ఒక్కటి పని అని ఆమెకు తోచనేలేదు. అది దువా.

"ఏమీ లేదు డాక్టర్ సాబ్" అన్నది. "యాదికి వస్తే చెప్త."

ఇంటికి వచ్చే తొవ్వ అంతా మాటలు పేర్చుకున్నది. ఇంట్ల వాళ్లిద్దరూ ఉర్దూల మాట్లాడుకునేటోళ్లు. ఆ రోజు ఆ మాటలు ఏ భాషల పేర్చినా నిలబడలేదు. దర్గా పోయింది, చూపు పోయింది, నడక పోయింది, ఆ చేతికి మిగిలింది అదొక్కటే. నీ చేతి నుంచే రోగం పోతున్నదని ఎట్ల చెప్పాలె? ఆమె చెప్పలేదు. నెమలీకల కట్ట దారం వదులైందని, బిగించి కట్టియ్యమని దుబ్బాకల ఒకాయనకు పంపిన అని చెప్పి, కట్టను బట్టల చుట్టి అటక మీద దాచింది.

ఇషాక్ సాబ్ నమ్మిండు. మొదటి రోజు పీట మీద కూసొని వట్టి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు. పిల్లులు వచ్చి కాళ్లకు రాసుకొని, ఏమీ కాకపోయేసరికి అటు ఇటు చూసి పోయినయి. రెండో రోజు, దుబ్బాక నుంచి వచ్చిందా అని అడిగిండు. ఆ తర్వాత రోజూ అడిగిండు. మగ్గం నేసేటోళ్ల ఊర్ల ఒక్క దారం ముడి వేయడానికి ఇంతసేపా అని పరాచికమాడిండు. ఒకనాడు సాయంత్రం సాంబ్రాణి వేసినంక లేవనేలేదు, మంచం మీదనే గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. అన్నం తెస్తే ఆకలి లేదన్నడు.

ఆమె పళ్ళెం కింద పెట్టి, మంచం పట్టె మీద కూసున్నది.

"అజీ, కట్ట దుబ్బాక పోలేదు. అటక మీద ఉన్నది. నేనే దాచిన."

ఆయన ఇటు తిరిగిండు. అప్పుడు అంతా చెప్పింది. డాక్టర్ అడిగింది, నెత్తి మీద వీపు మీద బిళ్ళలు, ఏ అర్ర ముందు ఏ అర్ర వెనుక. ఎక్కడా తగ్గించలేదు. చెప్పేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుందామనుకున్నది గని, చెయ్యి ఆయనే ఒడిలకు గుంజుకున్నడు.

"దుర్గవ్వ మనుమరాలు కూడానా?" అని అడిగిండు.

"అవును."

"పాపం, ఆ పిల్ల మెడ ముందుకు వంచి కూసునేది" అన్నడు. "చక్కిలిగింతలు అవుతున్నయి తాతా అనేది."

తర్వాత కట్ట తెమ్మన్నడు. అటక మీది నుంచి దించి తెచ్చిచ్చింది. దర్గా వస్తువును కాలబెట్టరు, చెత్తల పారెయ్యరు, మట్టిల పెడ్తరు. కండ్లు కనబడకున్నా దారం కొస ఎక్కడున్నదో ఆ వేండ్లకు తెలుసు. విప్పి, ఒక్కొక్క ఈకనే తీసి పక్కకు పెట్టిండు. "ఇది మా నాయిన కట్టిన ముడి. నేను ఒక్కసారి కూడా విప్పలేదు" అన్నడు. గొంతుల ఏడుపు లేదు, ఆశ్చర్యం లాంటిదేదో ఉన్నది. తెల్లారి దర్గా గోడ వెనుక, పిల్లులు తవ్వకుండ లోతుగ గుంత తీసి, ఈకలు పరిచి మట్టి కప్పింది ఆమె. ఆయన గోడకు ఆనుకొని నిలబడి ఫాతెహా చదివిండు. వచ్చినంక ఇద్దరూ సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నరు.

అసలు తిప్పలు ఆ తర్వాతనే తెలిసింది. మందు నీళ్లల్ల తడిపినంక పిల్లులు వణుక్కుంట, నాకుకుంట, నురగలు కక్కుతున్నయి. నాకకుండ ఆరేదాక పట్టుకొని కూసోవాలె. షమ్షున్నీసా ఒక్కతే తడుపుడు, పట్టుకునుడు రెండూ చేయలేకపోతున్నది. చేతులనిండ గీకులు. ఒకనాడు ముసలి పిల్లి ఆమె చేతులల్ల నుంచి జారి ఉరికి, పోయి పోయి ఎండల పీట వేసుకొని కూసున్న ఇషాక్ సాబ్ ఒడిల ఎక్కింది. ఆయన దాన్ని పాత తువ్వాలల చుట్టి, మెడ కింద రెండు వేండ్లు పెట్టి పట్టుకున్నడు. పెదవులల్ల ఏదో చదువుకుంట కూసున్నడు. ఆరేదాక అది కదలలేదు, నాకలేదు.

"ఇంకోటి ఇయ్యి" అన్నడు.

డాక్టర్‌ను అడిగితే, చేయనియ్యమ్మా అన్నడు. కాకపోతే ఆయన బిళ్ళలున్నవాటి దగ్గరనే ఉండాలె, మంచివాటి దిక్కు పోవద్దు. పొడుగు చేతుల పాత అంగీ ఒకటి పెట్టుకోవాలె, దాన్ని రోజూ ఉడకబెట్టాలె. ఇషాక్ సాబ్ ఒప్పుకున్నడు. "నా ఒంటి మీద బిళ్ళ వస్తే నాకు కనబడది, నువ్వే చూడాలె" అని నవ్విండు. మంచి పిల్లులను ఇంక ముట్టనని తెలిసినంక ఒక పూట ముభావంగ ఉన్నడు. తర్వాత బిళ్ళలున్నవాటికే పేర్లు పెట్టుకునుడు మొదలుపెట్టిండు. చలికాలం ఎండల, గంధకం కంపు కొట్టుకుంట, పసుపు రంగు పిల్లులను ఒక్కొక్కటే ఒడిల ఆరబెట్టుకునుడు ఆయన పొద్దంతా పని అయింది. దుర్గవ్వ అరుగు మీద నుంచి, "బావా, చంటిపిల్లలను నలుగు పెట్టి ఆరబెడుతున్నట్టున్నవు" అనేది. "నా కోడళ్లు ఎవ్వరూ పురుళ్లకు రానిత్తలేరు, గిదన్న చేసుకోనియ్యి" అనేటోడు. ఆయనకు కోడళ్లు లేరు, కొడుకులూ లేరు. అది అందరికీ తెలుసు, అయినా నవ్వేటోళ్లు.

మంచివాటి అర్రల మళ్ల కొత్త బిళ్ళ రాలేదు.

సందల్‌కు ముందటి శుక్రవారం నమాజు అయినంక ఫజల్ ఇద్దరు పెద్దమనుషులను తోలుకొని వచ్చిండు. గేటు అవతల లారీ షెడ్డు కాడి పిలగాండ్లు గోనెసంచిలు భుజాల మీద వేసుకొని నిలబడ్డరు. షమ్షున్నీసా ఆ సంచుల దిక్కు చూడకుండ, మంచి అర్ర తలుపు తీసింది. పెద్దమనుషులు ఒక్కొక్క పిల్లిని ఆమె ఎత్తి పట్టుకుంటే ముందటికి వంగి చూసిన్రు. చెవులు, ముక్కు, కాళ్ల సందులు. వెంట్రుకలు నిండుగ ఉన్నయి. రెండో అర్రల వాటికి కూడా వెంట్రుకలు మొలిచి కొత్త దూది లెక్క ఉన్నయి. బయట ఎండల ఇషాక్ సాబ్ ఒడిల ఉన్న కూనకు మాత్రం తోక మొదట్ల ఇంకా చిన్న బిళ్ళ మిగిలి ఉన్నది. వారం కిందనే సంచిల వచ్చిన కూన అది.

పెద్దమనుషులు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. దుర్గవ్వ పిలవకున్నా మనుమరాలిని చేయి పట్టుకొని తీసుకొచ్చి, పిల్ల జడ పక్కకు జరిపి మెడ చూపించింది. మెడ మీద మరక కూడా లేదు. "పిల్లుల నుంచి వచ్చిందని నేనే అన్న. పోయిందని కూడా నేనే అంటున్న" అన్నది.

ఫజల్ కూన తోక దిక్కు వంగి చూసిండు. మిగిలినవన్నీ ఉండొచ్చు గని ఈ ఒక్క కూనను అయినా సందల్ దాటేదాక బయటికి పంపిద్దామన్నడు.

"ఫజల్" అన్నడు ఇషాక్ సాబ్. కోపం లేదు గొంతుల. "నన్ను గూడ అదే లారీల ఎక్కియ్యిరా. దీన్ని పట్టుకొని కూసునేటోడు లేకపోతే ఇది నాకుతది. నేను కూడా దీని కంపే కొడుతున్న, జనంల కూసోనిస్తరా నన్ను?"

పెద్దమనుషులల్ల ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయిండు. ఫజల్ గేటు దిక్కు చూసి, పిలగాండ్లను పొమ్మని చెయ్యి ఊపిండు. కోళ్ల గూడు వెనుక ఉన్నది, సందల్ రోజు అటు తడకలు కట్టిస్త అన్నడు. మిగిలినోళ్లు నడుస్తుంటే అతను నడవలేదు. చాచా పక్కన, ఆ కంపులనే, నేల మీద కూసున్నడు. అట్ల కూసొని ఎంత కాలమైందో షమ్షున్నీసాకు యాదికి రాలేదు.

"ఎన్నడు పోతది చాచా ఈ బిళ్ళ?"

"పోతది. తొందర లేదు దీనికి" అన్నడు ఇషాక్ సాబ్. "ముట్టకు."

ఫజల్ అప్పటికే ఒక వేలు చాపిండు. కూన ఆ వేలును వాసన చూసింది, ముక్కు ఆనించింది. షమ్షున్నీసా లోపలికి పోయి, చెంబు నిండ నీళ్లు, సబ్బు తెచ్చి అతని పక్కన పెట్టింది.